వైద్యుడు వచ్చుట వేఱు, నిలుచుట వేఱు

చిత్తూరు సీమ పడమటి మెట్టలపైనున్న మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు పట్టణములును, వాని చుట్టు పరచుకొనియున్న నిమ్మనపల్లె, రామసముద్రము, చౌడేపల్లె, సోమల, శాంతిపురము, గుడుపల్లె, రామకుప్పము మొదలగు మండలములును, జిల్లాల ఎల్లలు ఎన్నిమార్లు మారినను తాము మారని యొక కష్టమును పంచుకొనుచున్నవి. అచ్చటి రోగికి అక్కఱకు వచ్చు వైద్యము ఎల్లప్పుడును మఱియొక ఊర నుండును. కుప్పమువాడు చిత్తూరునకు పోవలెనన్న 100 కిలోమీటర్లకు మించిన దారి; కోలారు బంగారు గనులును, తమిళనాటి కృష్ణగిరియు అందులో సగము దూరములోనే కలవు. పుంగనూరునకు నేటికిని రైలు లేదు. ఆపద వచ్చినప్పుడు ఈ సీమ జనులు వేలూరునకు కొందఱు, తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు కొందఱు, బెంగుళూరునకు కొందఱుగా తలయొక దిక్కునకు పరుగిడుదురు. పరుగిడుటకు 2005లో హైదరాబాదున ఆరంభమైన 108 వాహనములు నేడు పల్లెపల్లెకును వచ్చుచున్నవి, అందుకు సంతోషింపవలసినదే. కాని ఆ పరుగే అవసరము గాకుండ చేయవలసిన వైద్యుడును, నర్సును, మత్తు డాక్టరును, ల్యాబ్ టెక్నీషియనును మాత్రము ఈ మెట్టలపైకి వచ్చుచు పోవుచుందురు, నిలుచువారు అరుదు.

ఈ మాటలో వారిని నిందించు తలంపు నాకు లేదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో ఖాళీ యున్నదని ప్రకటన వెలువడినచో దరఖాస్తులు రాకపోవు దినములు గతించినవి. వైద్యకళాశాలలు పెరిగినవి, వానితోపాటు పట్టభద్రులును పెరిగిరి. అయితే చేరిన యువవైద్యుడు పగలు ఓపీ చూచి, రాత్రులు పీజీ ప్రవేశపరీక్షకు చదివి, రెండేండ్లకో మూడేండ్లకో సీటు సంపాదించుకొని వెడలిపోవును. అతని స్థానమున మఱియొకరు వత్తురు. ఊరి ముసలివారు తమ బీపీ కథను, షుగరు కథను, కోడలి మొదటి కాన్పు కథను మరల మొదటినుండి చెప్పుకొందురు. ప్రభుత్వపు ఖాళీల పట్టికలో ఆ కేంద్రము సర్వకాలములయందును నిండియున్నట్లే కానవచ్చును. పట్టిక అబద్ధమాడదు గాని, ఒక్క వైద్యుడు పదేండ్లుండుటకును, అయిదుగురు వైద్యులు రెండేసి యేండ్లుండుటకును గల భేదమును అది ఎఱుగదు. రోగి యెఱుగును.

స్పెషలిస్టుల విషయమున పట్టిక సైతము దాచలేని లోటు గలదు. 2021-22 నాటి కేంద్రప్రభుత్వ గ్రామీణ ఆరోగ్య గణాంకముల ప్రకారము, దేశములోని గ్రామీణ సామాజిక ఆరోగ్యకేంద్రములలో ఉండవలసిన స్పెషలిస్టులలో దాదాపు 80 శాతము లేరు. ఈ లోటు ఏ విధముగ పనిచేయునో తెలిసికొనుటకు ఒక్క కాన్పును తలచుకొన్న చాలును. బిడ్డ అడ్డము తిరిగినది. ఆపరేషను చేయక తప్పదు. స్త్రీవైద్యురాలు ఆసుపత్రిలోనే యున్నది. మత్తు డాక్టరు వారమునకు రెండు దినములు మాత్రమే వచ్చును, నేడు ఆ దినము కాదు. చేతనైన పనిని చేయుటకు వీలులేక ఆ తల్లి పుట్టినింటివారు కన్నీటితో చూచుచుండగా ఆ వైద్యురాలు 'రెఫర్' అని కాగితము వ్రాసి బండి యెక్కించును. ఇట్టి కాగితములు ఆఱు నెలలు వ్రాసిన పిమ్మట తన బదిలీకై మఱియొక కాగితము వ్రాసికొనును. ఆమె వెడలిన తరువాత చిన్నపిల్లల వైద్యునకు ఆ యాసుపత్రిలో పనియే లేకపోవును, అతడును వెడలును. ఒక్కరి లేమి తక్కినవారిని ఒక్కరొక్కరుగా వెళ్లగొట్టుట ఈ వ్యాధి లక్షణము. కనుక ఒక్కొక్క ఖాళీని విడివిడిగా నింపబూనుట దీనికి చికిత్స కాజాలదు.

చికిత్స వెదకుట నేడు మొదలైనది కాదు. చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలో అంతర్భాగమై యుండిన కాలమున, ఆ జిల్లాలోనిదే యైన కాళహస్తికి చెందిన పానగంటి రామారాయణింగారు, పానగల్లు రాజాగా ప్రసిద్ధులై ప్రథమమంత్రి పదవిలో నుండిన 1920వ దశకమున, పల్లెటూర కాపురము పెట్టు వైద్యునకు ఏటేట కొంత భృతి నిచ్చి, తక్కిన జీవనము అతడు తన ప్రాక్టీసువలన సంపాదించుకొనునట్లు ఏర్పాటు చేసిరి. పల్లెలకు అట్లు చేరినవారిలో, తక్కువ కాలపు చదువైన ఎల్.ఎం.పీ. పరీక్ష నెగ్గిన వైద్యులు పెక్కుమంది. తరువాత 1946లో భోర్ కమిటీ, దేశమంతటను ఒకే ప్రమాణముగల వైద్యవిద్య యుండవలెనను సదాశయముతో, ఎల్.ఎం.పీ. చదువును నిలిపివేయ వలసినదని సిఫారసు చేసెను. సభ్యులలో కొందఱు దానికి సమ్మతింపక, పల్లెలకు పోవువారు లేకపోవుదురని వేఱుగా అభిప్రాయము వ్రాసిరి. వారి భయము నిరాధారము కాదని కాలము తెలిపినది. ఎల్.ఎం.పీ. వంటి మార్గముననే ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము 2001లో మూడేండ్ల వైద్యకోర్సు నొకదానిని ఆరంభించి, అందు ఉత్తీర్ణులైనవారిని పల్లెలలో నియమించినది. పట్నమునకు పెద్ద డాక్టరును, పల్లెకు చిన్న డాక్టరును అను విభాగమును నేను సమర్థింపను. కాని పానగల్లు వారి ఏర్పాటులో మనము మఱచిన యొక వివేకము గలదు: ఆ భృతి ఉద్యోగమునకు గాక నివాసమునకు ముడిపడియుండెను. వైద్యుడు ఊర కాపురముండిననే అది దక్కును. నేడు మనము జీతము పదవికిచ్చుచున్నాము. పదవిలోనివాడు ఎచ్చట నిదురించుచున్నాడో అడుగుట మానితిమి.

ఈ సీమలోనే, ఇంతకంటె వివరముగ పరిశీలింపదగిన దృష్టాంత మొకటి గలదు. మదనపల్లెకు కొలది దూరమున, రాళ్లగుట్టల నడుమ, ఎండ తీవ్రమైనను గాలి పొడిగా వీచుచోట, ఆరోగ్యవరము అను పేర నొక క్షయ చికిత్సాలయము వెలసినది. పలు క్రైస్తవ మిషనులు ఏకమై 1912లో మదనపల్లెలో దీనికి అంకురార్పణ చేసి, 1915లో ఇప్పటి స్థలమునకు తరలించినవి. క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అను డెన్మార్కు దేశపు వైద్యుడు దానికి తొలి అధిపతి. ఆ కాలమున క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ వచ్చుట 1940వ దశకపు మాట. విశ్రాంతి, పుష్టికరమైన తిండి, స్వచ్ఛమైన గాలి, ఇవియే చికిత్స. రోగులు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి ఉండవలసినవారు. అంటువ్యాధి యను భయముతో బంధువులే తొంగిచూడని రోజులలో, ఆ రోగుల మధ్య వైద్యులును, నర్సులును, కాంపౌండర్లును దినదినమును మెలగవలసియుండెను. పట్టణ సౌఖ్యములు లేవు, పేరుప్రతిష్ఠలకు అవకాశము స్వల్పము, ప్రాణభయము ప్రత్యక్షము. అయినను అచ్చట మనుష్యులు నిలిచిరి.

నిలుచుటకు మతనిష్ఠ యొక కారణము, సందేహము లేదు. ప్రభుత్వోద్యోగినుండి అట్టి దీక్షను హక్కుగ కోరుట న్యాయము కాదు, వారు సన్న్యాసము పుచ్చుకొని రాలేదు. అయితే నిష్ఠ యొక్కటియే చాలియుండినచో ఒంటరి మిషనరీలెల్లరును ఎల్లచోట్లను నిలిచియుండవలెను, అట్లు జరుగలేదు. ఆరోగ్యవరమున పనిచేయువారికి ఆవరణములోనే నివాసములుండెను, చుట్టు తోటివారుండిరి, ఎక్స్‌రే యుండెను, పరీక్షాలయముండెను, ఇతర ప్రాంతములనుండి క్షయచికిత్స నేర్చుకొనుటకు వైద్యులు అచ్చటికి వచ్చుచుండిరి. మారుమూల యైనను ఆ ఊరు విద్యకు కేంద్రమయ్యెను. భారతదేశమున బీసీజీ టీకా తొలుతగా వేయబడినది 1948లో, మదనపల్లెలో. ఢిల్లీలో గాని మద్రాసులో గాని కాదు. అటుపిమ్మట 1950 మొదలు 1955 వఱకు మదనపల్లె చుట్టుపట్ల పల్లెలలో ఇంటింటికి పోయి, జనులను పరీక్షించి, క్షయ ఒక సమాజములో ఏరీతిగ వ్యాపించునో తెలిసికొన్న అధ్యయనము అచ్చటి వైద్యుడగు యోహన్నెస్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వమున జరిగి, ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో 1960లో ప్రకటితమయ్యెను. ఒకే యింటికి మాటిమాటికి పోయి, కఫము నడిగి, సూది వేయుదుమన్నను వాకిలి మూయకుండునట్లు జనుల విశ్వాసము సంపాదించుట, నేడు వచ్చి రేపు పోవు వారికి సాధ్యమగు పని కాదు. ఉండుటవలన విద్య పెరిగినది. విద్య పెరుగుటవలన ఉండబుద్ధి పుట్టినది.

మదనపల్లెలోనే ఆర్కాటు మిషను వారి మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి గలదు. లూయిసా హార్ట్ అను వైద్యురాలు ఒక తరము స్త్రీలకు అచ్చట పురుడు పోసినది. వైద్యముతో సంబంధము లేకున్నను, ఈ ఊర నిలిచినవారి గుఱించి మఱియొక సంగతి ఇచ్చట చెప్పవలెను. 1915లో అనీబిసెంటు పేర వెలసిన కళాశాలకు ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ ప్రధానాచార్యుడై వచ్చి మదనపల్లెలో కాపురముండెను. ఆయన ఆతిథ్యముననే రవీంద్రుడు 1919 ఫిబ్రవరిలో అచ్చట విడిసి 'జనగణమన' గీతమును ఆంగ్లమునకు మార్చెను. ఆ సమీపముననే జిడ్డు కృష్ణమూర్తి ఆశయములతో పెరిగిన ఋషివ్యాలీ పాఠశాలలో, నీళ్లు చాలని యొక లోయలో, దేశపు నలుమూలల నుండి వచ్చిన ఉపాధ్యాయులు నేటికిని కుటుంబములతో నివసించుచున్నారు. వారికి ఇల్లు గలదు, పిల్లలకు బడి గలదు, సాయంకాలము మాటాడుటకు మనుష్యులు గలరు. ఇవి సమకూడిన తావున, మదనపల్లె మారుమూల యను మాట ఎవరికిని తోచలేదు.

ఇప్పుడు మన ఆరోగ్యకేంద్రముల సంగతి చూతము. ఈ మండలములలో నొకదానిలో, పేరు చెప్పుట అనవసరము, ఆసుపత్రి వెనుక డాక్టరు క్వార్టరు అని వ్రాసిన యిల్లు నేను చూచితిని. అక్షరములు సగము రాలిపోయినవి. గుమ్మము నిండ వయ్యారిభామ నడుము లోతు పెరిగియున్నది. ముందుగది కిటికీకి రెక్క లేదు. లోపల దోమల మందు డబ్బాలును, కాలము చెల్లిన కరపత్రముల కట్టలును, ఒంటికాలి స్ట్రెచరొకటియు పడియున్నవి. కొళాయి బిగించియున్నారు గాని పైన తొట్టి లేదు. ఆ పూట పనిలోనున్న డాక్టరమ్మ చిన్నవయసుది, చంటిబిడ్డ తల్లి. దినమును రెండు బస్సులు మారి వచ్చుచున్నదట. నాలుగు గంటలు దాటగానే ఆమె కన్నులు గడియారముపై నిలుచుట గమనించి, తరువాతి బస్సు ఎప్పుడని అడిగితిని. ఏడింటికని చెప్పినది. ఉదయము ముఖము చూపి హాజరు వేయు యంత్రము తెచ్చి పెట్టితిమి, ఆమె రాకపోకల నిమిషములు రాజధానికి తెలియుచున్నవి. ఆ యింటికి నీటితొట్టి లేదను సంగతి మాత్రము ఏ యంత్రమును ఎవరికిని తెలుపుటలేదు.

వైద్యులు తమలో తామనుకొను మాట యొకటి గలదు. తహసీల్దారు పట్నమున నుండవచ్చును, ఇంజనీరు ఉండవచ్చును, బడిపంతులు ఉండవచ్చును. డాక్టరు మాత్రమే పల్లెలో రాత్రి గడపవలెనని అందఱును వేలెత్తి చూపుదు రేల? ఇందులో న్యాయము గలదు. దీనికి నేను చెప్పగల సమాధానము ఒక్కటే: పురిటినొప్పులును, పాముకాటును ఆఫీసు వేళలు చూచుకొని రావు. కౌండిన్య అభయారణ్యపు అంచుననున్న కుప్పము పల్లెలలో ఏనుగులు దిగు కాలమున, చీకటిపడిన తరువాత రోగిని బండి యెక్కించుటకే జనులు వెఱతురు. కనుక వైద్యుడు దగ్గర నుండవలె ననుట న్యాయమే. అయితే ఇతరుల నడుగని త్యాగమును ఒకరి నడిగినప్పుడు, ఆ త్యాగపు భారమును తగ్గించు బాధ్యత అడిగినవారిదే యగును. అతనిని ఒంటరిగా పంపరాదు. ప్రతి ఆరోగ్యకేంద్రము వెనుకను ఒక పాడుబడిన యిల్లు కట్టుటకంటె, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ఆసుపత్రుల ఆవరణములలో చుట్టుపట్ల మండలముల వైద్యులును, నర్సులును కుటుంబములతో నుండదగిన నివాసములను ఒక్కచోట కట్టి, అచ్చటినుండి వంతులవారీగా రాత్రి విధులకు వాహనముతో పల్లెలకు పంపుట మేలని నా నమ్మకము. అట్లు చేసినచో పిల్లలకు బడి దొరకును. ఒకరికి జ్వరము వచ్చిన మఱొకరు చూతురు. సందేహము వచ్చిన రోగిని గుఱించి రాత్రి భోజనమైన తరువాత పెద్ద డాక్టరు నడుగవచ్చును. మత్తు డాక్టరును, స్త్రీవైద్యురాలిని, పిల్లల వైద్యుని ముగ్గురిని కలిపి ఒకేమారు ఒకే ఆసుపత్రికి నియమించి, ఒకరిని బదిలీ చేసిన వేఱొకరు వచ్చి చేరువఱకు విడువకుండుటయు దీనిలో భాగమే.

వైద్యుని గుఱించియే ఇంత చెప్పితిని గాని, నా మనస్సులో ప్రథమస్థానము నర్సుది. పల్లెజనులకు వైద్యశాఖ యనగా ఏఎన్ఎం. వారు ఆమెను నర్సమ్మ యందురు. రాష్ట్రములో 10,032 గ్రామ క్లినిక్కులు ఏర్పడి, బీఎస్సీ నర్సింగు చదివినవారు వానిలో నియమితులైన పిమ్మట ఈ మాట మఱింత నిజమయ్యెను. ఫ్యామిలీ డాక్టరు పథకము క్రింద 2023 ఏప్రిల్ నుండి వైద్యుడు 104 వాహనముతో ఊరికి నెలకు రెండుమార్లు వచ్చుటకు ఏర్పాటైనది. అతడు వచ్చి పోయిన తరువాత మిగిలిన దినములన్నియు నర్సమ్మవే. కుప్పము వైపు ఒక పల్లెలో నేనొక నర్సమ్మ వెంట వీధిలో నడచితిని. మొదటి యింటిలో ముసలమ్మతో అరవము మాటాడినది. ఎదుటి యింటిలో, కోలారు వైపునుండి వచ్చిన కోడలితో కన్నడము. మూడవ యింట తెలుగు. మూడిండ్లలోను ఆమె అడిగినది ఒక్కటే, ఐరను మాత్రలు మింగుచున్నారా లేదా యని. మూడవ యింటి చిన్నది మింగుచున్నాననగా, "యాడికి మింగినావు, డబ్బీ జూపించు" అని లోపలికి పోయి, అటకమీద బియ్యపు డబ్బా చాటున దాచిన మాత్రల అట్టను తానే తీసికొని వచ్చినది. ఆ యటక ఏ నోటిఫికేషను ద్వారా వచ్చినవారికి తెలియును? ఆమె పుట్టినది ఆ మండలముననే. అత్తవారిల్లు ఆ ప్రక్క ఊరే.

ఇట్టివారి పట్ల మనము చేయుచున్నదేమి? ఏండ్ల తరబడి కాంట్రాక్టు పద్ధతిలోనుంచి, క్రమబద్ధీకరణము నడిగినప్పుడెల్ల కమిటీలు వేయుచున్నాము. పైకి పోవు మెట్టు లేదు. ఈ సీమనుండి నర్సింగు చదివిన పిల్లలు బెంగుళూరు ఆసుపత్రులకును, అచ్చటినుండి గల్ఫు దేశములకును పోవుచున్నారు. తల్లిదండ్రుల అప్పులు తీర్చుకొనుటకు పోవు వారిని తప్పుపట్టు హక్కు ఎవరికిని లేదు. చదివినవారు ఇట్లు వెడలిన చోట, అర్హత లేని ఆర్ఎంపీల చేతిలో జనులు పడుచున్నారని వైద్యసంఘములు వాపోవును. ఒక ముసలాయనను, ఆర్ఎంపీ చేతి సూది ఏల వేయించుకొంటివని నే నడిగితిని. "రాత్రి పన్నెండప్పుడు తలుపు తడితే ల్యాచ్చాడు గదా నాయనా" అన్నాడు. చదువు సంగతి, మందు సంగతి అతని తలపునకే రాలేదు. తలుపు తెఱచువాడెవడో అతడు చూచుకొన్నాడు. ఆర్ఎంపీని తరిమి ఈ సమస్య తీరదు. ఆ రాత్రి తలుపు తెఱచుటకు చదువుకొన్న మనిషి నొకరిని అచ్చట నిలిపిననే తీరును.

నిలుచువా రెవరని ప్రపంచమంతటను వెదకిచూచిన వారు చేరిన నిర్ణయము, ఆ నర్సమ్మవలె ఆ ప్రాంతమున పుట్టినవారే యని. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2010లోను, మరల 2021లోను ఈ విషయమై మార్గదర్శకములు ప్రకటించి, పల్లెలలో పుట్టిపెరిగినవారిని ఎన్నుకొని, పల్లెలకు దగ్గరనే చదివించుట అన్నిటికంటె ముందు చేయదగిన పనులలో నొకటిగ పేర్కొన్నది. జపాను దేశము 1972లో జిచి వైద్యవిశ్వవిద్యాలయమును ఇందుకొఱకే స్థాపించెను: ప్రతి రాష్ట్రమునుండి ఇద్దఱు ముగ్గురు విద్యార్థులను తీసికొని, చదువు ఖర్చు అప్పుగ భరించి, పట్టా పొందిన పిదప దాదాపు తొమ్మిదేండ్లు స్వప్రాంతమున సేవచేసినచో ఆ ఋణమును మాఫీ చేయుదురు. మనకు దగ్గరనే, ఇడా స్కడ్డరు స్థాపించిన వేలూరు వైద్యకళాశాలలో, ఒక సంస్థ పంపగా చేరిన విద్యార్థి చదువు ముగియగానే ఆ సంస్థకు చెందిన ఆసుపత్రిలో నియతకాలము పనిచేయుట చిరకాలాచారము. చేరునాడే తిరిగిపోవలసిన చోటు తెలిసియున్న విద్యార్థి చదువు వేఱు విధముగ సాగును.

మన చేతిలో అవకాశములు లేకపోలేదు. కుప్పమున ఈ శతాబ్దారంభమునుండి ప్రైవేటు వైద్యకళాశాల యొకటి నడచుచున్నది. మదనపల్లెలో ప్రభుత్వ వైద్యకళాశాలకు 2021లో శంకుస్థాపన జరిగినది. 2025లో దానిని ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమున నడపుటకు నిర్ణయించుటతో రాష్ట్రమంతటను పెద్ద వాగ్వాదము చెలరేగినది. ప్రభుత్వమే నడుపవలెనని నా కోరిక. కాని ఆ వాదము ఇరుపక్షములును ఎంత తీవ్రముగ సాగించినను, అందు చదువువా రెవరు, చదివి ఎక్కడ నుండువా రను ప్రశ్న ఎవరి నోటను వినరాకపోవుట నాకు విచారము కలిగించుచున్నది. ప్రభుత్వ కళాశాలలోనే చదివిన వైద్యుడైనను, రామకుప్పము ఎచ్చటనున్నదో తెలియక బెంగుళూరున స్థిరపడినచో, గోడల మీద ఎవరి పేరున్నను రామకుప్పమునకు ఒరిగినది శూన్యము.

పీజీ చదువులలో సర్వీసు కోటా సంగతియు ఇచ్చటనే తేలవలెను. పల్లెలలో పనిచేసిన ప్రభుత్వ వైద్యులకు ప్రత్యేకముగ సీట్లు కేటాయించు అధికారము రాష్ట్రములకు గలదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 31న తీర్పు చెప్పినది. మన రాష్ట్రమున ఆ కోటా తగ్గింపుపై ఆరోగ్యకేంద్రముల వైద్యులు 2024లోను, 2025లోను ఆందోళనకు దిగిరి. వారి సమ్మెవలన రోగులు బాధపడిరి, అది నిజము. అయినను వారి కోరిక సమంజసమైనదని నేను భావింతును. పల్లెకు పోవు యువవైద్యుని కంటి ఎదుట మనము నిలిపిన ఏకైక దీపము ఆ కోటా. దానిని తగ్గించుట యనగా, అచ్చట నీవు గడపిన యేండ్లకు విలువ లేదని చెప్పుట. అయితే ఆ వైద్యులును ఒక నియమమునకు సమ్మతింపవలెను: కోటాలో మత్తువైద్యమో, స్త్రీవైద్యమో చదివి వచ్చినవాడు తానే మునుపు పనిచేసిన ప్రాంతపు ఆసుపత్రికి, పుంగనూరునుండి పోయినవాడు పుంగనూరునకే, తిరిగిరావలెను. పీజీ అనంతరము సేవచేయవలెనను బాండ్లు చెల్లునని 2019లోనే సుప్రీంకోర్టు నిర్ణయించియున్నది గనుక దీనికి చట్టపరమైన ఆటంకము కానరాదు. నేటి పద్ధతిలో తిరిగివచ్చినవాడు రాష్ట్రములో ఎచ్చటనైనను చేరవచ్చును. అతని చదువుకాలమంతయు ఖాళీగనుండిన ఊరికి ఫలము దక్కుటలేదు.

2025లో టాటా సంస్థల తోడ్పాటుతో కుప్పమున నెలకొల్పిన డిజిటల్ నర్వ్ సెంటరువలన, పల్లెలోని రోగి వివరములు పెద్దాసుపత్రికి చేరి, దూరపు స్పెషలిస్టు తెఱమీద కనబడి సలహా యిచ్చు సౌకర్యము కలిగినది. మంచిదే. తెఱకు ఇవతలివైపున రోగి చేయి పట్టుకొని, డాక్టరు చెప్పినదానిని ఆ రోగి భాషలో చెప్పి, మఱునాడు మాత్ర మింగెనో లేదో చూచుటకు ఆ నర్సమ్మయే కావలెను గదా. ఆమె వంటివారు లభించుచోటు ఏ తెఱమీదను కనబడదు.

కావున మదనపల్లె కళాశాల నిర్మాణ నిర్వహణల ఒప్పందము ఎవరితో జరిగినను, ఆ పత్రమున కొన్ని వాక్యములు చేర్చవలెనని శాసనసభ్యులను, ముఖ్యముగ 1989 నుండి కుప్పమునకు ప్రాతినిధ్యము వహించుచున్న ముఖ్యమంత్రిగారిని నేను కోరుచున్నాను. ఈ మెట్టమండలములలోని ప్రభుత్వ బడులలో పది వఱకు చదివిన పిల్లలకు ఎంబీబీఎస్‌లోను, దానికి అనుబంధముగ తప్పక తెఱువవలసిన నర్సింగు, ల్యాబ్ టెక్నీషియను కోర్సులలోను కొన్ని సీట్లు ప్రత్యేకింపవలెను. వారి ఫీజు ప్రభుత్వము భరింపవలెను. ప్రతిగా నియతకాలము స్వప్రాంతమున పనిచేయుటకు వారు ఒప్పుకొనవలెను. విద్యార్థులందఱును ప్రతి సంవత్సరము కొన్ని వారములు సోమలలోనో, గుడుపల్లెలోనో నివసించి నేర్చుకొనవలెను. అందుకై అచ్చట వసతి కట్టుట కళాశాల వంతు. గ్రామ క్లినిక్కులో అయిదేండ్లు నిండిన కాంట్రాక్టు నర్సులను క్రమబద్ధము చేసి, పై చదువునకు జీతముతో కూడిన సెలవు ఇయ్యవలెను. కళాశాల గోడలు లేచిన తరువాత ఈ నియమములను చేర్చుట దుస్తరమగును. ఒప్పందముపై సంతకములు పడుటకు ముందే, వచ్చు శాసనసభా సమావేశములలోనే, ఈ ప్రశ్నను లేవనెత్తవలెను.